తంత్రీవాద్యముల జంట - మనోధర్మము

1952వ సంవత్సరారంభమున యెహూదీ మెనూహిన్ అను వయొలిన్ విద్వాంసుడు జవహర్‌లాల్ నెహ్రూగారి ఆహ్వానముపై భారతదేశమునకు వచ్చెను. క్షామపీడితుల సహాయనిధికై మన మహానగరములందు కచేరీలు చేసెను. అప్పటి కాయనకు ముప్పదియైదేండ్లు. బాల్యమునుండియు ఐరోపా, అమెరికా ఖండములందు ఆయన పేరు వినని సంగీతప్రియులు లేరు. అట్టి విద్వాంసుడు ఢిల్లీలో, ఆకాశవాణికి చెందిన నారాయణ మీనన్‌గారి గృహమున జరిగిన ఒక చిన్న గోష్ఠిలో రవిశంకర్ సితారును, చతుర్‌లాల్ తబలాను వినెను. ఆనాడు కలిగిన స్నేహము 1999లో మెనూహిన్ మరణించువరకు నిలిచినది.

ఆ పర్యటనలోనే మద్రాసునందు, నాటి ప్రధానన్యాయమూర్తియు మంచి తెలుగు నాటకకర్తయు నగు పాకాల వేంకట రాజమన్నారుగారి యింట ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలును మెనూహిన్ వినుట తటస్థించెను. ఢిల్లీలో వినినది తన కలవాటు లేని వాద్యము. మద్రాసులో వినినది తన వాద్యమే. నాలుగు తీగెలు, గుర్రము, కమాను, అన్నియు అవియే. కాని మెనూహిన్ నిలువబడి గడ్డముక్రింద ఫిడేలును బిగించి వాయించువాడు. నాయుడుగారు బాసెపట్టు వేసి నేలపై కూర్చుండి, ఫిడేలు తలను కుడికాలి చీలమండపై ఆనించి వాయించువారు. ఈ భేదము కేవలము ఆసనభేదము కాదు. వాద్యపు బరువు కాలిపై నిలిచినందున ఎడమచేతికి భారముండదు. వ్రేలు తీగెపై ఈ చివరనుండి ఆ చివరకు జారవచ్చును. గమకమునకు ప్రాణమా జారుటయందే యున్నది. విజయనగర కళాశాలలో పాఠము చెప్పిన ఆ వ్రేళ్ళు, సరిగా కనుపించని కన్నులకు బదులుగా తీగెను చూచుచుండెడివని ఆయన శిష్యులు చెప్పుకొనెడివారు.

మెనూహిన్ ఊరక విని పోలేదు. ఈ సంగీతముతో కలిసి వాయింపవలెనని కోరెను. పదునాలుగేండ్లకు, 1966లో, ఇంగ్లండులోని బాత్ నగరోత్సవమున ఆ కోరిక నెరవేరినది. రవిశంకర్ సితారు, మెనూహిన్ వయొలిన్ ఒకే వేదికపై మ్రోగినవి. మరుసటి సంవత్సరము 'వెస్ట్ మీట్స్ ఈస్ట్' అను రికార్డు వెలువడి లోకమంతటను అమ్ముడుపోయెను. అమెరికాలో గ్రామీ బహుమానమును పొందెను. తూర్పు పడమరల జంటవాద్యమునకు అదియే ఆదియని పలువురు వ్రాసిరి.

అయినను ఆ రికార్డును శ్రద్ధతో వినువారికి ఒక లోటు తెలియకపోదు. రవిశంకర్ తిలంగ్ రాగచ్ఛాయలో ఒక రచన కూర్చి, మెనూహిన్ వాయింపవలసిన దానిలో అధికభాగమును ముందుగానే నిర్ణయించి యిచ్చెను. మెనూహిన్ దానిని పరమభక్తితో సాధన చేసి వాయించెను. సితారు మాట్లాడుచుండును, వయొలిన్ కంఠస్థము చేసిన పాఠమును అప్పగించుచుండును. ఇది మెనూహిన్ శక్తిలోపము కాదు, ఆయన పుట్టి పెరిగిన సంప్రదాయపు ఫలము. బాఖ్, మొజార్ట్, బేథోవెన్ మొదలగువారు తమ కాలమున ఆశువుగా వాయించుటలో ప్రసిద్ధులే. పందొమ్మిదవ శతాబ్దమున వ్రాతప్రతికి గౌరవము పెరిగినకొలది ఆ విద్య క్రమముగా అడుగంటెను. విద్వాంసుడన్నచో ఎవరో వ్రాసినదానిని తప్పులేక వాయించువాడని అర్థమేర్పడెను. తాను ఆశువుగా వాయింపజాలనని మెనూహిన్ దాపరికము లేక ఒప్పుకొనెడివాడు.

జంటవాద్యమన్నచో ఇరువురును తమతమ మనోధర్మముతో రావలెను. ఒకరు కవి, మరియొకరు పాఠకుడైనచో అది అవధానము కాదు. కాగా, పాశ్చాత్యులలో తీగెవాద్యము చేతబట్టి అప్పటికప్పుడు కల్పన చేయగల సంప్రదాయమేది? ఒకటి నల్లజాతివారి జాజ్ సంగీతము. దానిని గూర్చి మనవారు కొంత విని యున్నారు. రెండవది బ్లూగ్రాస్. ఇది కచేరీ భవనములందు పుట్టినది కాదు. అమెరికాలోని కెంటకీ, టెనెసీ, ఉత్తర కరోలినా ప్రాంతములందు పొలములు దున్నువారి యిండ్లలోను, గనులలో పనిచేయువారి యిండ్లలోను పెరిగిన సంగీతము. చిత్రమేమనగా మన సంగీతమునకు సరియైన తోడు దొరకినది అక్కడనే.

ఈ చుట్టరికమునకు మూలము చాల పాతది. పదునెనిమిదవ శతాబ్దమున స్కాట్లండు, ఐర్లండు దేశముల ఫిడేలు వరుసలు రెండు దిక్కులకు ఓడలెక్కినవి. కొన్ని, బ్రదుకుతెరువు వెదకుకొనుచు పోయిన కాపులతో అమెరికాలోని అపలాచియన్ కొండలకు చేరినవి. కొన్ని, కంపెనీవారి పటాలముల బ్యాండుతో చెన్నపట్టణపు కోటకు చేరినవి. ముత్తుస్వామి దీక్షితులవారు చెన్నపట్టణమున మణలి ముత్తుకృష్ణ మొదలియారు ఆశ్రయముననున్నపుడు ఈ వరుసలు వారి చెవిని బడినవి. వానికి సంస్కృత సాహిత్యము కూర్చి వారు చేసినవే నోటుస్వరములు. ముప్పదికి పైగా నున్నవి. 'సంతతం పాహి మాం' అను దానికి ఇంగ్లీషు రాజగీతము వరుస ఆధారము. 'వందే మీనాక్షి' అను దానికి ఒక ఐరిష్ నాట్యపు వరుస ఆధారము. అదే ఆశ్రయమున దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒక ఐరోపీయునివద్ద ఫిడేలు నేర్చి, దానిని మన గాత్రమునకు ప్రక్కవాద్యముగా నిలిపెను. నూటయేబదియేండ్లకు నాయుడుగారి చేతిలో మెనూహిన్ చూచినది ఆ ఫిడేలే. మనవారు వచ్చిన వరుసలను నోటుస్వరములుగా ఒక ప్రక్కన బెట్టి, వాద్యమును మాత్రము పూర్తిగా తమది చేసికొనిరి. కొండలకు పోయినవారు వరుసలను విడువలేదు. వాయించు తీరు మాత్రము మార్చుకొనిరి.

ఆ తీరు మారుటకు కారణము ఆఫ్రికావారు. బానిసలుగా అమెరికాకు తేబడిన పశ్చిమాఫ్రికా జనులు బుర్రకు తోలు మూసి, కఱ్ఱ దూర్చి, తీగెలు కట్టిన వాద్యమును తమవెంట జ్ఞాపకముంచుకొని పోయిరి. దానినుండి పుట్టినది బాంజో. దీని కైదు తీగెలు. అయిదవది మిగిలినవానికంటె పొట్టిది. దాని బిరడా వాద్యపు మెడమధ్యన ప్రక్కగా నుండును. బొటనవ్రేలు దానిని మాటిమాటికి మీటుచునేయుండును. అది రాగమును పలుకదు, తారషడ్జమును పలుకుచుండును. వీణెకు ప్రక్కన గల మూడు తాళపుతీగెలు, సితారుకు గల చికారీ తీగెలు చేయుపని యిదియే. బాంజో వినిన తెలుగువానికి తొలి క్షణమున అది చిల్లరమ్రోతవలె దోచినను, ఆ పొట్టితీగెను పట్టుకొని వినినచో శ్రుతి యెక్కడనున్నదో తెలిసిపోవును.

మన దేశమున పెండ్లి ఊరేగింపులందును, గణపతి ఉత్సవములందును 'బెంజో' అను పేరిట మ్రోగు పెట్టె వేరు. ఈ బాంజో వేరు. ఆ పెట్టె 1912 ప్రాంతమున జపానుదేశమున పుట్టిన ఒక వాద్యమునకు మనుమరాలు, పేరు బుల్‌బుల్ తరంగ్. దాని మీటలు అచ్చముగా టైపురైటరు మీటలను చూచి చేసినవి. కార్యాలయములందు జీవితము గడిపినవారికి ఆ వాద్యముపై సహజముగా కొంత అభిమానముండుట న్యాయమే గాని, ప్రస్తుతమునకు దానితో పనిలేదు.

ఈ ఫిడేలును, ఈ బాంజోను, గిటారును, పెద్ద వయొలిన్‌ను, మాండొలిన్‌ను ఒకచోట కూర్చి వానికొక కట్టడి యేర్పరచినవాడు బిల్ మన్రో. 1911లో కెంటకీ రాష్ట్రమున రోజిన్ అను పల్లెలో ఎనమండుగురు బిడ్డలలో కడపటివాడుగా జన్మించెను. ఇంట అన్నలు ఫిడేలును, గిటారును ముందే పట్టుకొనిరి. చిన్నవానికి మిగిలినది మాండొలిన్. మాండొలిన్‌కు తీగెలు ఎనిమిది. రెండేసి చొప్పున నాలుగు జంటలు. పిల్లవాడు ఎక్కువ చప్పుడు చేయునని అన్నలు నాలుగు తీగెలను విప్పించి, నాలుగు మాత్రమే యుంచిరట! పదియేండ్లకు తల్లి పోయెను; పదునారేండ్లకు తండ్రి పోయెను. ఫిడేలు వాయించు మేనమామ పెన్ వాండివర్ చేరదీసెను. ఆ మేనమామతో కలిసి నాట్యపు విందులకు పోయి, ఆర్నాల్డ్ షుల్ట్‌జ్ అను నల్లజాతి విద్వాంసుని ప్రక్కన కూర్చుండి ఆ బాలుడు సంగీతము నేర్చెను.

మన్రో మొదట వాయించినదియు జంటయే. 1934 నుండి 1938 వరకు అన్న చార్లీ గిటారు, తాను మాండొలిన్ పట్టి అన్నదమ్ములిరువురే పాడిరి, వాయించిరి, రికార్డులిచ్చిరి. పిదప విడిపోయిరి. బిల్ తన రాష్ట్రమున పెరుగు నీలిగడ్డి పేరిట 'బ్లూ గ్రాస్ బాయ్స్' అను మేళమును కట్టి 1939లో నాష్‌విల్ నగరపు రేడియో వేదిక నెక్కెను. 1945 డిసెంబరులో ఎర్ల్ స్క్రగ్స్ అను యువకుడు బాంజోతో ఆ మేళమున చేరినాడు. మూడువ్రేళ్ళకు గోళ్ళు తొడిగి అతడు వాయించిన వేగము అంతకుముందు ఎవరును వినియుండలేదు. సంగీతమునకు మేళము పేరు స్థిరపడినది 1950 తరువాతనే.

బ్లూగ్రాస్‌లో మద్దెల లేదు, విద్యుచ్ఛక్తి లేదు. తాళమును నిలుపు భారము తీగెలదే. మాండొలిన్ విద్వాంసుడు తన వంతు రానపుడు, ఎదురుదెబ్బలపై తీగెల నన్నిటిని ఒక్కమారు కొట్టి వెంటనే వ్రేళ్ళతో మూసివేయును. మృదంగపు పని దానితో జరిగిపోవును. పాట ఒక చరణము కాగానే ఫిడేలు ఒక వంతు, బాంజో ఒక వంతు, మాండొలిన్ ఒక వంతు ఆ వరుసను పట్టుకొని అప్పటికప్పుడు తమ కల్పన చేయుదురు. ముందు వాయించినవాని కంటె తాను మరియొక మెట్టు పైన నిలువవలెనని ప్రతివాడును చూచును. అయినను వరుసయొక్క రూపము చెడరాదు, కాలప్రమాణము జారరాదు. మన కచేరీలో గాయకుడును ఫిడేలుదారును స్వరకల్పన వంతులవారీగా వేయునపుడు జరుగునది యిదియే. ఆ వరుసలలోని స్వరములును మనకు పరాయివి కావు. చాలభాగము శంకరాభరణపు మెట్లు. కొన్ని హరికాంభోజి మెట్లు. అయిదు స్వరములతో నడచునవి మోహనపు మెట్లు. మెట్లు మాత్రమే సుమా. మోహనరాగము వేరు, ఆ అయిదు స్వరములు వేరు.

ఈ సాదృశ్యము నెవరో యొకరు కనిపెట్టి వెంటనే జంట కట్టిరని తలచరాదు. మధ్యలో చాలకాలము గడచినది. ఆ మధ్యకాలమున ఢిల్లీయందు తంత్రీవాద్యములకు సంబంధించి జరిగిన ప్రయత్నము వేరొక విధమైనది. అదియే ఆకాశవాణి వాద్యబృందము. 1949 నుండి 1956 వరకు ఢిల్లీ ఆకాశవాణిలో నున్న రవిశంకర్ దానిని తీర్చిదిద్దెను. తరువాతి కాలమున ఆ బాధ్యత మన ఈమని శంకరశాస్త్రిగారిని వరించెను. 1922లో ద్రాక్షారామమున జన్మించి, తండ్రియు వైణికులును నగు అచ్యుతరామశాస్త్రిగారి వద్ద వీణె నేర్చి, మద్రాసులో జెమిని చిత్రశాలలో పనిచేసి, పిమ్మట ఢిల్లీ చేరి, ఉత్తరాది దక్షిణాది వాద్యముల నొకచోట కూర్చి వారు రచనలు చేసిరి. 1974లో పద్మశ్రీ పొందిరి. చిట్టిబాబు వంటి శిష్యుని తయారుచేసిన చేయి అది. ఢిల్లీ తెలుగువారికి వారి పేరు నేటికిని ఇంటిపేరు వంటిదే.

వాద్యబృందమున ఇరువదిమందో ముప్పదిమందో కూర్చుండినపుడు ప్రతివాని స్వరమును ముందుగా వ్రాసి యీయక తప్పదు. అందు రచయితయొక్క మనోధర్మము వెలుగును. వాయించువాని మనోధర్మము సెలవు తీసికొనును. శంకరశాస్త్రిగారు స్వయముగా మహావైణికులగుటచే ఈ కష్టమెంతటిదో ఎరుగనివారు కారు. ఒంటిగా వీణె పట్టినపుడు వారిది ఒక లోకము, బృందమును నడుపునపుడు మరియొక లోకము. మనోధర్మమునకు అనువైన సంఖ్య రెండు. ఒకరు పలుకగా మరియొకరు వినవలెను. మువ్వురైనచో ఒకరు తప్పక వేచియుండవలెను.

1966 జూలైలో బీటిల్స్ అను ఆంగ్ల గాయకబృందము ఢిల్లీలో దిగి, కన్నాట్ ప్లేసులోని రిఖీరామ్‌వారి దుకాణమున సితారు మొదలగు వాద్యములు కొనినది. దేశవిభజన సమయమున లాహోరునుండి ఢిల్లీకి వచ్చిన ఆ కుటుంబము రవిశంకర్‌కును వాద్యములు చేసియిచ్చినది. బీటిల్స్ కొనుగోలును గూర్చి పత్రికలు కుప్పలుగా వ్రాసినవి. దానివలన సితారు విదేశములందు ఇంటింట అలంకారవస్తువైనది గాని, జంటవాద్యమునకు కలిగిన ప్రయోజనము స్వల్పము. వాద్యమును కొనిన మాత్రమున దాని వెనుకనున్న ఓర్పు కొనబడదు.

ఓర్పుతో వచ్చినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. ఆంగ్లేయుడు, జాజ్ గిటారు విద్వాంసుడు. 1975లో వయొలిన్ విద్వాంసుడు శంకర్‌తోను, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరాంలతోను కలిసి 'శక్తి' అను బృందమును ప్రారంభించెను. గమకము పలికించుటకై ఆయన తన గిటారు మెట్ల నడుమ చెక్కను లోతుగా చెక్కించెను. తరఫ్ తీగెలు కట్టించెను. మెట్ల మధ్య గోతులున్నచో తీగెను లోపలికి అదిమియు ప్రక్కకు లాగియు స్వరమును పెంచవచ్చును. వీణెపై మైనపు మెట్లెత్తుగా నుండుటవలన కలుగు సౌకర్యమే యిది. మెనూహిన్ మన స్వరములను నేర్చికొనెను. మెక్‌లాఫ్లిన్ తన వాద్యమునే కోయించుకొనెను.

బ్లూగ్రాస్ వంతు 1990 తరువాత వచ్చినది. జైపూరు విద్వాంసుడు విశ్వమోహన భట్ గిటారును మార్చి, శ్రుతితీగెలు, తరఫ్‌లు చేర్చి, 'మోహనవీణ' అని పేరిడి, తీగెపై ఉక్కుకడ్డీని జార్చి వాయించును. మన గోటువాద్యము, ఉత్తరాది విచిత్రవీణ ఈ జారుడు పద్ధతిలోనివే. కాలిఫోర్నియాలో ఒక ప్రార్థనామందిరమున ఆయనయు అమెరికా గిటారు విద్వాంసుడు రై కూడరును కూర్చుండి వాయించిన రికార్డు 1993లో వెలువడి, మరుసటి సంవత్సరము గ్రామీ బహుమానమును గెలిచెను. ఇరువురును ఒకరినొకరు చూచినది వాయించుటకు కొంచెము ముందుమాత్రమే! కూడర్ సంగీతము నల్లజాతి బ్లూస్‌కు చేరువ. 1995లో భట్ మరియొక జంట కట్టెను. ఈమారు తోడు వచ్చినవాడు జెర్రీ డగ్లస్; బ్లూగ్రాస్‌లో డోబ్రో వాయించుటలో అద్వితీయుడు. డోబ్రోయన్న గిటారు కడుపులో లోహపు గిన్నెయుండును. దీనినిగూడ ఒడిలో బెట్టుకొని ఉక్కుకడ్డీతో జార్చి వాయింతురు. దీనిని కనిపెట్టిన స్లోవాకియా అన్నదమ్ములు తమ యింటిపేరు తొలియక్షరములను, అన్నదమ్ములను అర్థమిచ్చు ఇంగ్లీషు మాట తొలియక్షరములను కలిపి దానికా పేరు పెట్టిరి. వారి భాషలో ఆ మాటకు మంచిదని అర్థము.

భట్-డగ్లస్‌ల జంటను వినినచో మెనూహిన్ రికార్డులోని లోటు ఎట్లు తీరినదో తెలియును. ఒకరు పాఠము చెప్పుట లేదు, ఒకరు అప్పగించుట లేదు. అయినను ఇరుసంప్రదాయములకును మధ్య ఒక గోడ నిలిచియే యున్నది. బ్లూగ్రాస్‌వాని కల్పన, క్రింద మారుచుండు స్వరసముదాయముల వెంట నడచును, ఆధారము కదలుచుండును. మనవాని కల్పన కదలని షడ్జముపై నడచును. ఆధారము కదలినచో రాగము చెదరును. కదలనిచో బ్లూగ్రాస్‌వానికి ఊపిరాడదు. మంచి జంటలు ఈ చిక్కును విప్పలేదు. దానితో కాపురము చేయ నేర్చినవి. డగ్లస్ వంటివాడు తన సముదాయములను తగ్గించి ఒకే శ్రుతిపై నిలుచును. భట్ వంటివాడు రాగమును మెట్టుగా మాత్రము చేసికొని సడలించును. సడలించినంత మేర నష్టము లేదని చెప్పుట సత్యము కాదు. ఆలాపనయొక్క గాంభీర్యము ఆ జంటలలో ప్రాయికముగా మొదటి రెండు నిమిషములే.

ఇక ఈ చరిత్రలో తెలుగువారి భాగము. కెంటకీలో మన్రోకు మిగిలిన మాండొలినే పశ్చిమగోదావరిజిల్లా పాలకొల్లులో ఒక బాలునికి దొరకెను. 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేండ్లప్రాయమున తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్‌ను చేతబట్టెను. తండ్రి క్లారినెట్టు విద్వాంసుడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు, పిల్లవానికి పాఠము చెప్పుట కంగీకరించిరి. వారికి మాండొలిన్ రాదు. వారు పాడెడివారు, బాలుడు దానిని తీగెపై వెదకుకొనెడివాడు. వాద్యమెరిగిన గురువే యుండినచో వాద్యపు అలవాట్లు కూడ సంక్రమించియుండెడివి. ఇచ్చట కంఠమొక్కటే గురువైనది. వాసూరావు అను గిటారు విద్వాంసుడు పాశ్చాత్యసంగీతపు రుచిని గూడ చూపెను. 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున తొలికచేరీ. 1981లో మద్రాసు ప్రవేశము.

మాండొలిన్‌పై కర్ణాటకసంగీతమా యని నాడు చాలమంది పెదవి విరిచిరి. ఆ సందేహము అసూయాజనితము కాదు, అందు న్యాయమున్నది. మాండొలిన్ తీగె పొట్టిది, మీటిన స్వరము క్షణములో ఆరిపోవును. బ్లూగ్రాస్‌వారు చిన్న బిళ్ళతో క్రిందికి మీదికి అతివేగముగా మీటి దీర్ఘస్వరపు భ్రాంతి కలిగింతురు. దానితో తోడి, భైరవి, కాంభోజి రాగములు పలుకవు. జంటతీగెలను లాగినచో రెండును సమముగా కదలక అపశ్రుతి పుట్టును. శ్రీనివాస్ జంటలను తీసివేసి నాలుగు ఒంటితీగెలే యుంచెను. పిదప మంద్రమునకై అయిదవది చేర్చెను. మన్రో అన్నలు చప్పుడు తగ్గుటకు నాలుగు తీగెలు విప్పించిరి. పాలకొల్లువాడు గమకము పలుకుటకు విప్పెను. మ్రోత నిలుచుటకై ఆయన విద్యుచ్ఛక్తి సహాయము తీసికొనెను. ఈ విషయమున బ్లూగ్రాస్ ఛాందసులు ఆయనను తమ పంక్తిలో కూర్చుండబెట్టుకొనరు. తెలిసియే అట్లు చేసెను.

1983లో పదునాలుగేండ్ల శ్రీనివాస్ బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించి సభను జయించెను. అది జాజ్ సభయగుట గమనింపదగినది. త్యాగరాజకృతియొక్క అర్థము వారికి తెలియదు. కల్పన యెట్టిదో మాత్రము తెలియును. 1998లో పద్మశ్రీ, 2009వ సంవత్సరపు సంగీత నాటక అకాడమి పురస్కారము ఢిల్లీనుండి లభించినవి. ద్వారంవారికి 1953లో అకాడమి పురస్కారము లభించుటకును దీనికిని మధ్య, పడమటి తీగెవాద్యమొకటి మరల మనదైనది. 1999 ప్రాంతమున మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందమునకు ఆయనను పిలిచెను. ఆ వేదికపై శ్రీనివాస్ కృతులను సడలించి వాయించిన ఘట్టములు లేకపోలేదు. కాని మద్రాసు డిసెంబరు సభలలో మాత్రము వర్ణమునుండి మంగళమువరకు సంప్రదాయమే. ఆ రెండు గదుల నడుమ తలుపును ఎప్పుడు తెరవవలెనో, ఎప్పుడు మూయవలెనో ఆయనకు తెలియును.

ఆయనకును జంట గలదు, తమ్ముడు రాజేశ్. రెండు మాండొలిన్‌లు ఒకే రాగమును పంచుకొనునపుడు అన్న విడిచిన స్వరమును తమ్ముడు అందుకొనుట, అచటినుండి వేరొక త్రోవ త్రొక్కుట వినినవారికి, చార్లీ, బిల్ మన్రోల నాటి రికార్డులు జ్ఞాపకము రాకతప్పవు. మన్రో అన్నదమ్ములు నాలుగేండ్లకు కలహించి విడిపోయిరి. పాలకొల్లు అన్నదమ్ములను విడదీసినది మృత్యువు. 2014 సెప్టెంబరు 19న నలుబదియైదేండ్ల వయస్సున శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూసెను. వీణెకు త్యాగరాజులనాటినుండి నేటివరకు నడచిన పరంపర యున్నది. మాండొలిన్‌కు ఆ ఒక్క పురుషాయుషము, అదియు సగమే.

అమెరికావైపు పని ఆగలేదు. బేలా ఫ్లెక్ అను న్యూయార్క్ బాంజో విద్వాంసుడు - తండ్రి ఆయనకు బార్తోక్, వెబర్న్, యానాచెక్ అను ముగ్గురు ఐరోపా రచయితల పేర్లు కలిపి పెట్టెను - ఎడ్గార్ మేయర్ అను పెద్ద వయొలిన్ విద్వాంసునితో జంటగా తిరిగి 2004లో ఒక రికార్డు వెలువరించెను. బాఖ్ రచనలు, స్వీయరచనలు, బ్లూగ్రాస్ వంతులు అందొక్కచోట చేరినవి. మెనూహిన్ తరమువారు మరచిన విద్యను ఐరోపాసంగీతమునకు మరల బాంజో నేర్పినది. 2009లో ఈ జంటకు జాకిర్ హుస్సేన్ చేరెను. 2023లో వేణువుతో రాకేశ్ చౌరసియా చేరెను. 2024 ఫిబ్రవరిలో ఆ నలువురికి రెండు గ్రామీ బహుమానములు వచ్చినవి. ఆ సంవత్సరము డిసెంబరులో జాకిర్ హుస్సేన్ దివంగతుడయ్యెను.

మన్రో మాండొలిన్‌ను 1985లో ఒక దుండగుడు ఇంట జొరబడి ఇనుపకడ్డీతో ముక్కలుముక్కలు చేసెను. దానిని చేసిన కంపెనీవారే ఆ పేళ్ళను ఏరి అతికి మరల పలికించిరి. మన్రో 1996లో చనిపోవువరకు దానినే వాయించెను. నేడది నాష్‌విల్ సంగీతప్రదర్శనశాలలో అద్దముల వెనుకనున్నది. పాలకొల్లు మాండొలిన్ ఇంకను వాడుకలోనే యున్నది. రాజేశ్ వాయించుచున్నాడు, అన్నవద్ద నేర్చిన శిష్యులు వాయించుచున్నారు.